రాలేదని చెప్పడానికి వచ్చిన మనిషి

ఏం ఉద్యోగం చేశావని ఎవరైనా అడిగితే, పంతులమ్మగా పనిచేశానని చెబుతాను. అది సగమే నిజం. అనకాపల్లిలో నేను పనిచేసిన ఆ చిన్న బడిలో అక్షరాలు నేర్పినదానికన్నా ఆయాలను వెతికిందే ఎక్కువ. బి.ఏ. చదివి ఆయాలను వెతకడమేమిటని మా పెద్దమ్మ ఇప్పటికీ నవ్వుతుంది. నవ్వనీండి. ఆ పని నేను బాగా చేశాను. ఆ మాట నా నోటితో నేనే చెప్పుకోవడానికి ఇన్నాళ్ళూ మొహమాటపడ్డాను, ఇక పడను.

ఉద్యోగం మానేసి రెండేళ్ళు కావస్తోంది. జుట్టు నెరిశాక రాసుకోవలసిన జ్ఞాపకాలు ఇప్పుడే ఎందుకని మా ఆయన అడిగారు. మా అమ్మాయికి ఏడాదిన్నర. అది నిద్రపోయాక దొరికే కాసేపట్లో, మధ్యమధ్య లేచి దాని ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుంటూ రాస్తున్నాను. నెరిసేదాకా ఆగితే ఎంత మరిచిపోతానో అని భయం. నాకు అన్నిటికీ భయమే. కాని ఇలాంటి బళ్ళు ఇంకా వస్తాయి, వాటిలో పనికి చేరే చెల్లెళ్ళూ వస్తారు. పాఠం చెప్పే పద్ధతి వాళ్ళకి ఎవరో ఒకరు నేర్పుతారు. మనిషిని ఎంచుకునే పద్ధతి ఎవరూ నేర్పరు. నాకూ ఎవరూ నేర్పలేదు.

మా బడి బెల్లం మార్కెట్టు వెనక సందులో ఒక పాత పెంకుటింట్లో ఉండేది. బుద్ధి మెల్లగా ఎదిగే పిల్లల కోసం ఊళ్ళో వర్తకులు కొందరూ, ఒక డాక్టరుగారూ కమిటీగా ఏర్పడి పెట్టారు. ఊరి జనానికి మాత్రం అది పిచ్చిబడి. జట్కా ఎక్కి దారి చెప్పగానే, "పిచ్చిబడికా అమ్మా?" అనేవాడు జట్కావాడు. మొదట్లో కోపం వచ్చి దిగి నడిచేదాన్ని. తరవాత తరవాత దిగడం మానేసి, బడి వచ్చేదాకా అతనికి మా పిల్లల గురించి చెబుతూ కూర్చునేదాన్ని.

పాఠాలకి నేనూ, హైస్కూల్లో రిటైరై వచ్చిన ఒక మేష్టారూ ఉండేవాళ్ళం. కాని మా దగ్గర అసలు చదువు అన్నం తినడం, గుండీ పెట్టుకోవడం, దొడ్డికి వెళ్ళాలని ముందుగా చెప్పడం. ఆ చదువు చెప్పవలసింది ఆయాలు. ఆ ఆయాలే నిలిచేవారు కారు. చెరుకు గానుగలు మొదలైతే మరీ కష్టం. ఊరి చుట్టుపక్కల ప్రతి పొలంలోనూ పనే, ప్రతి ఇంటికీ పిలుపే. నిన్న సాయంత్రం పిల్లల తల దువ్విన మనిషి ఇవాళ కనిపించేది కాదు. చెప్పి మానేసిన వాళ్ళు నాకు గుర్తు లేరు.

పెద్దవాళ్ళకి అది ఇబ్బంది మాత్రమే. మా పిల్లలకి అంతకన్నా ఎక్కువ. 'మానేసింది' అంటే వాళ్ళకి అర్థం కాదు. నిన్న ఉన్న మనిషి ఇవాళ లేదు, అంతే. రేపు నేనుంటానో ఉండనో అన్నట్టు నా కొంగు కూడా పట్టుకుని కూర్చునేవారు.

వాళ్ళలో ఒక పిల్ల సంగతే నేను చెప్పబోయేది. కోటవురట్ల దగ్గరి పల్లె, చెరుకు రైతు కూతురు. పదేళ్ళు ఉంటాయి. మాటలు రావు, గొంతులోంచి రెండు మూడు శబ్దాలు చేసేది. బడికి రాకముందు ఆ పిల్ల కాలికి తాడు కట్టి ఇంటి స్తంభానికి కట్టేసేవారు. అమ్మానాన్నా రాక్షసులు కారు. ఇంటి పక్కన నుయ్యి, పెరట్లో బెల్లం కాగే పెనం, ఇద్దరూ పొలంలో. ఇంకేం చేస్తారు? చివరికి నాయనమ్మ మనసు ఒప్పక, మనవరాల్ని తీసుకుని అనకాపల్లి వచ్చి, మా సందులోనే ఒక గది అద్దెకి తీసుకుంది. పిల్ల చీలమండ మీద తాడు మచ్చ ఇంకా ఉండేది.

ఆ పిల్ల మొదటి ఆయాకి అలవాటు పడింది, ఆమె పోయింది. రెండో ఆమె పోయింది. మూడో ఆమె కూడా పోయాక, బళ్ళో ఎవరి చేతి ముద్దా తినడం మానేసింది. నా చేతి ముద్ద కూడా. ఒంటిగంటకి ఇంటి నుంచి వచ్చిన కేరియర్ తెరవగానే లేచి గేటు దగ్గరికి పరుగు. పోయిన ఆయాలు వస్తారని సందు వైపు చూస్తూ నిలబడేది.

ఆ ముగ్గురినీ మేము ముగ్గురం ఎంచాం. మొదటి ఆమెను మా కమిటీ సెక్రటరీగారు ఎంచారు. ఆయన బెల్లం వర్తకుడు. "దిమ్మ మీద వేలు పెట్టి ఏ ఊరి బెల్లమో సెప్పెత్తాను. మనిషిని సూసి సెప్పలేనేటి?" అనేవారు. వరండాలో కుర్చీ వేసుకుని, వచ్చిన ప్రతి ఆమెనీ, "పిల్లలంటే ఇష్టమేనా?" అని అడిగారు. ఇష్టం లేదని ఎవరంటారు? ఒకామె పిల్లల్ని చూస్తూనే ఏడ్చేసింది. "అయ్యో తల్లీ, ఏ జన్మలో ఏ పాపం సేసేవే" అని పిల్లని ఒళ్ళోకి లాక్కుంది. సెక్రటరీగారు కండువాతో కళ్ళొత్తుకుని, "ఈవిడే. గుండె ఉన్న మనిషి" అన్నారు. ఒకనాడు ఒక కుర్రాడు నోట్లో అన్నం ఆమె చీర మీద ఉమ్మేశాడు. కన్నీళ్ళు తుడుచుకుంటూ పనిలో చేరిన మనిషి ఉమ్మి తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

రెండో ఆమెని మేష్టారు ఎంచారు. ఎస్సెల్సీ తప్పిన అమ్మాయి, చక్కటి దస్తూరి. టైపు నేర్చుకోవడానికి ఎలమంచిలిలో అక్కగారింటికి వెళ్ళిపోయింది. మూడో ఆమె నా ఎంపిక. భర్త పోయిన మనిషి, వెనక ఎవరూ లేరు, ఇంకెక్కడికి పోతుందిలే అనుకున్నాను. చెరుకు కొట్టడానికి రమ్మని మరిది కబురు పెడితే ఆ పూటే వెళ్ళిపోయింది. ఏ ఆధారమూ లేని మనిషి ఎవరు పిలిస్తే అటు వెళ్ళాలి. అది నాకు అప్పుడు తట్టలేదు.

విశాఖలో ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఊరేగింపులు జరిగిన ఏడాది అది. వానాకాలం మధ్యలో పిల్ల తండ్రి వచ్చాడు. పొట్టిగా, నల్లగా, మాటకి ముందు గొంతు సవరించుకునే మనిషి.

"పంతులమ్మా, మా అమ్మ మీద పడిపోతంది బరువంతా. పిల్ల బళ్ళో తిండి తినదు, ఇంటికొచ్చి మా అమ్మని కొరికేత్తంది. గానుగ మొదలయ్యేక బెల్లం బండేసుకుని వత్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే ఆ బండి మీదే తీసుకుపోతాను."

"తీసుకెళ్ళి?" అన్నాను.

అతను నేల చూశాడు. "ఏటి సేత్తాం. ఇదివరకు ఎలాగుండీదో అలాగే."

స్తంభం, తాడు. ఆ మాట అతనూ అనలేదు, నేనూ అనలేదు.

అప్పటికి నాకు పెళ్ళై ఏడాది. మా అత్తగారింటికి ప్రతి గురువారం గాజులామె వచ్చేది. ముస్లిం ఆవిడ, నలభై దాటిన మనిషి. భర్త టైలరు, చూపు మందగించి మిషను అమ్మేశాడు. వాళ్ళ వీధిలో ఆమెని ఆపా అనేవారు, మేమూ అలాగే పిలిచేవాళ్ళం. మా అత్తగారు నోముకి పచ్చగాజులు కావాలంటే, గురువారం తెస్తానంది. ఆ గురువారం వాయుగుండం పట్టింది. వీధిలో మోకాలి లోతు నీళ్ళు. పాలు రాలేదు, పేపరు రాలేదు. మధ్యాహ్నానికి ఆపా వచ్చింది, గోనెసంచి కప్పుకుని, బుట్ట లేకుండా.

"ఏటే ఆపా, ఈ వాన్లోనా! గాజులేవీ?" అన్నారు అత్తగారు.

"రాలేదమ్మా. ఏరు పొంగింది, సరుకు ఆగిపోనాది."

"రాకపోతే రేపో ఎల్లుండో రావచ్చు కదే, పిచ్చిదానా!"

"గురువారం అన్నాను కదమ్మా. మీరు గుమ్మంలో సూత్తా కూకుంటారు. రాలేదని సెప్పాలి కదా."

నేను వంటింట్లో పోపు వేస్తున్నాను. ఆ మాట విని అలాగే నిలబడిపోయాను. పోపు మాడింది, అత్తగారు కేకలేశారు, నాకు చెవిన పడలేదు. మేం ఇన్నాళ్ళూ వరండాలో కుర్చీ వేసుకుని వెతుకుతున్న మనిషి ప్రతి గురువారమూ మా గుమ్మంలోకి వస్తోంది. నీళ్ళు కారే గోనెసంచి పిండుకుంటున్న ఆమె దగ్గరికి వెళ్ళి అడిగేశాను.

"ఆపా, మా బళ్ళో పని చేస్తావా?"

"ఏటి పనమ్మా? మీ మేష్టారికి గాజులెయ్యాలా?"

"పిల్లలకి అన్నం తినిపించాలి."

ఆమె పెద్దగా నవ్వింది. "నా సేతి అన్నమా? బాగుంది. మర్నాటికి బడీ ఉండదు, మీరూ ఉండరు." కాని మర్నాడు చూడ్డానికి వచ్చింది. పిల్లల్ని చూసి అయ్యో పాపం అనలేదు. ఒక కుర్రాడి చొంగ తుడిచింది, ఇంకొకడు జుట్టు పట్టుకుంటే విడిపించుకుంది, పెంకులు ఎక్కడ కారుతున్నాయో చూసింది. వెళ్ళేముందు ఒక్క షరతు పెట్టింది. "గురువారం నాను రాను. ఆ రోజు నా వీధులు నాకున్నాయి. నాకోసం సూసే ఆడోళ్ళున్నారు. మిగతా రోజులు వత్తాను."

సెక్రటరీగారికి చెప్పాను. "అమ్మాయ్, వారానికో రోజు రానని ముందే సెప్పే మనిషిని ఎవరైనా పన్లో పెట్టుకుంటారేటి?"

"రానని ముందే చెప్పే మనిషి మనకి ఇదివరకు దొరకలేదండి" అన్నాను.

ఆయన కాసేపు కండువా సర్దుకున్నారు. "సరే. ఆ సంగతి వదిలెయ్. అన్నం మాటేటి? నాకేటీ పట్టింపు లేదు. నా కొట్లో లెక్క రాసేది సాయిబే. కాని పిల్లల ఇళ్ళల్లో ఊరుకుంటారా? ఆ ముసలమ్మ ఊరుకుంటాదా?"

"గానుగల వేళకి ఆ పిల్ల బళ్ళో అన్నం తినకపోతే నేనే మానేస్తానండి."

"నువ్వు మానేత్తే మళ్ళీ నీలాంటి దాన్ని ఎవరు ఎతుకుతారు? నాను ఎతికితే ఏడ్సేవోళ్ళే దొరుకుతారాయె!" అని ఆయనే నవ్వేసి ఒప్పుకున్నారు.

నాయనమ్మ మాత్రం నవ్వలేదు. గేటు దగ్గర కేరియర్ గుండెకి ఆనించుకుని నిలబడి, "మా గిన్నె ముట్టుకోకూడదు, ముద్ద కలపకూడదు, కంచంలో వేలెట్టకూడదు" అంది.

నాకు ఒళ్ళు మండింది. నేనేదో అనబోతుంటే ఆపా నా మోచేయి నొక్కింది.

"అలాగేనమ్మా. ముద్ద జోలికి నాను పోను. పిల్ల సెయ్యి పట్టుకోవచ్చా?"

ముసలమ్మ తెల్లబోయింది. "సెయ్యికేటే! నా పెళ్ళికి గాజులెట్టింది మీవోళ్ళు కాదేటి?"

అది నిజమే. ఏ ఇంట్లో ఏ పట్టింపు ఉన్నా, గాజులవాళ్ళ చేతిలో చెయ్యి పెట్టని ఆడది మా వైపు లేదు. ఆ ఒక్క అనుమతి ఆపాకి చాలింది.

ముద్ద తను కలపకూడదు కాబట్టి పిల్లే కలుపుకోవాలి. నోట్లో తను పెట్టకూడదు కాబట్టి పిల్లే పెట్టుకోవాలి. అంతవరకు మేమెవరమూ ఆ పిల్లకి తన చేత్తో తినడం నేర్పాలని అనుకోలేదు. తినిపించే వాళ్ళ కోసమే వెతికాం. ఆ ముసలమ్మ పట్టింపు పుణ్యమా అని మాకు వేరే దారి లేకుండా పోయింది. ఆవిడకి ఆ మాట నేను ఎప్పుడూ చెప్పలేదు. చెబితే అది కూడా తన గొప్పే అనేది.

ఆపా పిల్ల వెనక కూర్చునేది. గాజు తొడిగేటప్పుడు బొటనవేలి మొదలు నొక్కి, చెయ్యి మెత్తబరిచి, ఊరి కబుర్లు చెబుతూ నొప్పి తెలియనివ్వదు కదా, సరిగ్గా అలాగే పిల్ల మణికట్టు పట్టుకుని కంచం దగ్గరికీ, నోటి దగ్గరికీ నడిపించేది. "మీ వీధి సివర కోడలు నల్ల గాజులు కావాలంటంది, అత్త ఎర్రవి కొనమంటంది, నాను రెండూ అమ్మేసేను" అని ఆ పిల్లకే చెప్పేది. మొదటి రోజు అన్నం జుట్టులోకి, చెవిలోకి, ఆపా ఒళ్ళోకి వెళ్ళింది. నోట్లోకి ఎంత వెళ్ళిందో తెలియదు. ఆపా లేచి కొంగు దులుపుకుని, "ఇయ్యాల సెవి తిన్నాది" అంది.

నా వంతు పని నేనూ చేశాను. కంచం జారిపోకుండా బరువైన ఇత్తడి పళ్ళెం తెప్పించాను. పీట ఎత్తు తగ్గించాను. "ఆపా, మణికట్టు కుదిరిందంటే ఇక మణికట్టు వదిలేసి మోచేయి పట్టుకో. అదీ కుదిరితే భుజం మీద ఒక్క వేలు చాలు" అని చెప్పాను. కొంచెం కొంచెంగా వెనక్కి తగ్గడం, అదే నేను చదువుకున్న చదువులో ఆ పిల్లకి పనికొచ్చింది. ఆపాకి తొందర లేదు. నాకే తొందర. పొలాల మీదుగా గానుగ పొగ వాసన వస్తుందేమోనని రోజూ ముక్కు ఎగబీల్చేదాన్ని.

చిక్కల్లా గురువారాలు. మొదటి గురువారం పిల్ల మళ్ళీ గేటు పట్టుకుని గంట సేపు అరిచింది. మర్నాడు ఆపాకి చెప్పాను. తరవాతి బుధవారం ఇంటికి వెళ్ళేముందు తన చేతికున్న లక్కపూత కర్ర గాజు తీసి పిల్ల చేతికి వేసింది. ఏటికొప్పాకలో బొమ్మలు చేసేవాళ్ళు చేసినది, పసుపు మీద ఎర్ర గీతలు. పిల్లల మధ్య మట్టిగాజులు ఎక్కడ పగిలి గుచ్చుకుంటాయోనని బళ్ళో ఆపా కర్రవే వేసుకునేది, నా చేతికీ అవే వేయించింది. పిల్ల గడ్డం పట్టుకుని, "ఇది నాదే. నీ కాడ ఉంచుతున్నాను. రేపు రాను. ఎల్లుండొచ్చి తీసుకుంటాను" అంది. శుక్రవారం వచ్చి గేటులోనే చెయ్యి చాపింది. గాజు తీసుకుని తన చేతికి వేసుకుంది. ప్రతి బుధవారం ఇవ్వడం, ప్రతి శుక్రవారం తీసుకోవడం. పోయిన ఆయాలెవరూ ఆ పిల్లకి ఏమీ మిగల్చలేదు. ఈమె తిరిగి వచ్చేదాకా గుర్తు ఒకటి చేతికే ఉండేది.

గానుగలు మొదలయ్యాయి. సందు నిండా బెల్లం బళ్ళు. ఒకరోజు పొద్దున్నే నాయనమ్మ వచ్చి, "మావోడు రాత్రే బండి కట్టేడంట. ఈయాల వత్తాడు" అంది. ఆ రోజు గురువారం.

ఆపా ఉన్న రోజుల్లో పిల్ల భుజం మీద వేలుతో తింటోంది. ఆపా లేని గురువారాల్లో అరవడం మానింది కాని, కంచం ముందు కూర్చుని ముట్టుకునేది కాదు. ఇవాళ తండ్రి చూసేది అదే. మేష్టారు, "జట్కా పంపిద్దామమ్మా. ఆపా ఏ వీధిలో ఉన్నా వెతికి తీసుకొస్తాడు. ఒక్క పూటే కదా" అన్నారు. జట్కా పిలిపించాను కూడా. అతను కళ్ళెం పట్టుకుని, "ఎక్కడికమ్మా?" అని అడుగుతున్నాడు.

అప్పుడు పిల్ల వైపు చూశాను. మెట్టు మీద కూర్చుని చేతికున్న గాజు తిప్పుకుంటోంది. రేపు వస్తానని చెప్పిన మనిషిని ఇవాళే తెచ్చి నిలబెడితే, ఆ గాజు చెప్పిన మాట ఏమవుతుంది? ఇవాళ రానన్న మనిషి వచ్చిందంటే, రేపు వస్తానన్న మనిషి రాకపోవచ్చు కూడా. ఇన్ని వారాలూ ఆపా కట్టుకుంటూ వచ్చినదాన్ని నా భయంతో నేనే కూలదోస్తానా? జట్కాని పంపించేశాను. మేష్టారు నావైపు చూసి, నాకు మతిపోయిందనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. ఉద్యోగంలో నేను చేసిన అన్ని పనుల్లోకీ గొప్పది ఆ జట్కాని వెనక్కి పంపడమేనని ఇప్పుడు అనుకుంటాను.

తండ్రి ఒంటిగంటకి వచ్చాడు. కాళ్ళ నిండా దుమ్ము, ఒళ్ళంతా బెల్లం వాసన. వెనకే సెక్రటరీగారు, తన కొట్టుకే వచ్చిన సరుకు కాబట్టి. నాయనమ్మ కేరియర్ తెరిచి ఇత్తడి పళ్ళెంలో అన్నం, పప్పు పెట్టి పక్కకి తప్పుకుంది.

పిల్ల కంచం చూసింది. లేచింది. గేటు దగ్గరికి వెళ్ళింది. తండ్రి గొంతు సవరించుకున్నాడు. "అదిగో పంతులమ్మా. అలాగే ఉంది."

"కొంచెం ఆగండి" అన్నాను.

పిల్ల సందులోకి చూసింది. బళ్ళు, ఎద్దులు, మనుషులు. ఆపా లేదు. పిల్ల చెయ్యి పైకెత్తింది. పెద్ద గాజు మోచేతి దాకా జారింది. దాన్ని కిందికి లాగి చూసుకుంది. మళ్ళీ పైకి తోసింది, మళ్ళీ లాగింది. తరవాత గేటు వదిలేసి వచ్చి పీట మీద కూర్చుంది. పప్పు మీద చెయ్యి వేసింది. కలిపింది అనలేను, పిసికింది. మొదటి ముద్ద సగం దారిలో జారిపోయింది. రెండోది నోట్లోకి వెళ్ళింది.

నమిలే చప్పుడు తప్ప వరండాలో ఇంకేమీ లేదు. మూడు, నాలుగు. నేను లెక్కపెట్టడం మానేశాను, కళ్ళు కనబడలేదు.

తండ్రి పిల్ల ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. "ఎవులు పట్టుకోలేదేటి?" అన్నాడు, నన్ను కాదు, గాల్లోకి.

"కళ్ళెదురుగానే ఉంది కదరా, నీకు కనబడ్డం లేదేటి!" అని ముసలమ్మ కసిరింది.

అతను కింద పడిన మెతుకులు ఒక్కొక్కటే ఏరి పళ్ళెం అంచున పెట్టాడు. పిల్ల వాటిని కూడా తినేసింది. అతను లేచి తువ్వాలుతో ముఖం తుడుచుకుని, తల్లితో అన్నాడు. "అమ్మా, బండి ఖాళీగా ఎల్లిపోతాదిలే."

పోతూ పోతూ ఒక బెల్లం దిమ్మ వరండాలో దింపి వెళ్ళాడు. సెక్రటరీగారు దాని మీద వేలు పెట్టి నాలిక్కి రాసుకుని, "మంచి సరుకు" అన్నారు. తరవాత నాకు తెలిసినంతలో మొదటిసారి, ఆయన ఎవరికీ కనబడకుండా కళ్ళొత్తుకున్నారు.

మర్నాడు ఆపా గేటులో చెయ్యి చాపింది. పిల్ల గాజు తీసి ఇచ్చింది. నేను ఊపిరి తీసుకోకుండా జరిగిందంతా చెప్పాను.

"తిన్నాదా?"

"తిన్నది ఆపా! ఒక్కర్తే తిన్నది!"

"మరి తినదేటి" అని చీపురు తీసుకుంది.

ఆ తరవాత నేను వరండాలో కుర్చీ వెయ్యనివ్వలేదు. ఊళ్ళో ఎవరు ఏ వీధికి ఏ వేళకి వస్తారో చూసుకుంటూ తిరిగాను. పెరుగు అమ్మే ఆమె కోడల్ని అలాగే తీసుకున్నాను. మగపిల్లల కోసం కావిడితో నీళ్ళు మోసే ఒకతన్ని తీసుకున్నాను. "పిల్లలంటే ఇష్టమా?" అని ఎవరినీ అడగలేదు. వాళ్ళు తిరిగే వీధుల్లో ఆడవాళ్ళని మాత్రం ఒక్కటి అడిగేదాన్ని. రాలేని రోజున ఏం చేస్తారు? చెప్పి మానేస్తారా, చెప్పకుండానా? చెల్లెళ్ళూ, ఇది ఒక్కటి గుర్తుంచుకోండి. రోజూ వచ్చే మనిషి ఎక్కడా ఉండదు. జ్వరాలు వస్తాయి, పెళ్ళిళ్ళు వస్తాయి, ఏరు పొంగుతుంది. రానప్పుడు ఎలా రాదో చూడండి. జాలి కావాలంటే సందు నిండా దొరుకుతుంది, దానికి జీతం ఇవ్వనక్కర్లేదు.

తరవాతి ఏడాది గానుగల వేళకి మా బళ్ళో ఒక్కరూ మానలేదు. ఆపాని తనే కనిపెట్టానని సెక్రటరీగారు కమిటీలో చెప్పుకున్నారు. చెప్పుకోనీండి. ముసలమ్మ మారిపోయిందని కూడా చెప్పను. చివరిదాకా గిన్నె ముట్టుకోనివ్వలేదు. గాజులు మాత్రం ఆపా దగ్గర తప్ప కొనలేదు, ఆపా బళ్ళోకి రాకపోతే ఒంట్లో ఎలా ఉందో కనుక్కురమ్మని నన్ను తరిమేది.

కడుపుతో ఉన్నానని నేను మానేసిన రోజున పిల్లలందరికీ లడ్డూలు పంచాను. ఆ పిల్ల లడ్డూ పక్కన పెట్టి నా చెయ్యి పట్టుకుంది. నా చేతికున్న కర్ర గాజు లాగింది. సన్నచెయ్యి నాది, చిన్నపిల్ల చెయ్యి అని ఆపా వెక్కిరించేది. గాజు సులువుగానే వచ్చింది. పిల్ల అది తన చేతికి వేసుకుని, నా గడ్డం పట్టుకుని, గొంతులోంచి ఏదో అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వి వచ్చేశాను.

ఈ రెండేళ్ళలో మళ్ళీ రమ్మని సెక్రటరీగారు రెండుసార్లు కబురు పెట్టారు. మా అమ్మాయిని వదిలి పూట కూడా ఉండలేనని చెప్పి పంపించాను. మొన్న గురువారం ఆపా గాజుల బుట్టతో వచ్చింది. మా అమ్మాయి చెయ్యి పట్టుకుని చూసి, మాటల మధ్యలో అంది.

"మీ గాజు ఇంకా ఆ పిల్ల సేతికే ఉందమ్మా. ఎవరు తీసినా ఊరుకోదు. సెయ్యి పెరిగిపోనాది. ఇప్పుడైతే సబ్బెట్టి నాను తీగలను. ఇంకో ఏడాది పోతే రంపం ఎట్టాలి."

నేను నవ్వేసి వచ్చిన ఆ రోజు గుర్తొచ్చింది. "ఆపా, సోమవారం వస్తానని దానికి చెప్పు" అన్నాను.

ఆమె బుట్ట నెత్తికెత్తుకుంది. "నానెందుకు సెప్తానమ్మా? మీరే వచ్చి సెప్పండి."

రేపు సోమవారం. మనవరాల్ని ఆడిస్తూ ఉంటాను, అది చూడకుండా పెరటి దారిన వెళ్ళిపో అని మా అత్తగారు అన్నారు. అలా వెళ్ళను. వీధి గుమ్మంలోంచే వెళ్తాను, దానికి చెప్పి.